ఎంతల ఎంత?

పోయిన నెల అమ్మను లివర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. షుగర్ పదిహేనేళ్లుగా ఉంది. ఈమధ్య అల్ట్రాసౌండ్ తీస్తే ఫ్యాటీ లివర్ అని వచ్చింది. డాక్టరు గారు కాగితాలన్నీ తిప్పి చూసి, “ఫైబ్రోసిస్ ఏమైనా మొదలైందేమో చూద్దాం, ఒక స్కాన్ చేయించండి” అన్నారు. చీటీ రాస్తూ రాస్తూ అమ్మ వైపు తిరిగి, “తిండిలో ఫైబర్ పెంచాలమ్మా” అని కూడా అన్నారు.

బయటికొచ్చాక ఫైబ్రోసిస్ అంటే ఏమిటని అడిగింది. నాకు తెలిసినంతలో చెప్పాను. లివర్ మళ్లీ మళ్లీ దెబ్బ తింటుంటే, మానే క్రమంలో లోపల గట్టి పోగులు పేరుకుంటాయి, ఒకరకంగా పీచు కట్టడం అన్నమాట అన్నాను. అమ్మ మెట్ల మీదే ఆగిపోయింది.

“లోపల పీచు వెరిగిందేమో సూస్తనంటడు, మల్ల పీచే తినుమంటడు. గీ డాక్టరు మంచిగనే సదివిండంటావురా?”

ఆటోలో ఇల్లు చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నా ఉద్యోగమూ ఫైబరే. చర్లపల్లిలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. వాటర్ ట్యాంకు ప్యానెళ్లు, కేబుల్ ట్రేలు, రేకులు, బస్సు బాడీ ముక్కలు వస్తాయి. వాటిలో గ్లాస్ ఫైబర్ ఎంత, ఆ పోగుల్ని అతికి పట్టి ఉంచే రెసిన్ ఎంత అని తేల్చి సంతకం పెట్టాలి. తిండిలో పీచు, రేకులో ఫైబర్, లివర్‌లో ఫైబ్రోసిస్. ఈ మూడింటికీ అంకెలిస్తున్నారు. ఒక దానికి నేనే ఇస్తున్నాను. మిగతా రెండూ ఎలా వస్తున్నాయో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఈ నెల రోజుల్లో ఆలోచించాను. ఎలా కొలిచారో చెప్పకుండా పీచు ఇంత అని చెబితే ఆ అంకెను ఇకమీదట నేను నమ్మను. పిండి ప్యాకెట్ మీదైనా, మా ల్యాబ్ రిపోర్టు మీదైనా సరే. ఇది చాదస్తమని మా ఆవిడ అంటోంది. కావచ్చు. ఆ సంగతికీ వస్తాను.

రెండు ప్యాకెట్లు

డైటీషియన్ అమ్మాయి ఇచ్చిన చార్టులో మొదటి లైనే అమ్మకు నచ్చలేదు. జొన్న రొట్టె మానేసి రాగి రొట్టె తినాలట. ఎందుకమ్మా అని నేనడిగితే “రాగుల్లో ఫైబర్ డబుల్ ఉంటుంది సార్” అంది. అమ్మ పుట్టిందీ పెరిగిందీ పాలమూరు పక్క. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జొన్న రొట్టె, గట్క మీద నడిచిన ఒళ్లు. హైదరాబాద్ వచ్చి ముప్పై ఏళ్లయినా సాయంత్రం పూట రోడ్డు పక్క రొట్టెలు కాల్చే ఆడవాళ్ల దగ్గర ఆగి, పిండిలో ఏం కలిపారో చూపుతోనే పట్టేస్తుంది. “రాగులు అంబలికి మంచిగుంటయి గని, రొట్టెకెట్లరా?” అంది. అయినా డాక్టరు దగ్గర రాసిచ్చిన చార్టు కదా అని రాగి పిండి కొనడానికి వెళ్లాను.

సూపర్‌మార్కెట్లో రెండు కంపెనీల ప్యాకెట్లు పక్కపక్కనే ఉన్నాయి. వెనక్కి తిప్పి చూశాను. వంద గ్రాములకు పీచు, ఒకదాని మీద 3.6 గ్రాములు. రెండోదాని మీద 11.2. రెండూ ఉత్త రాగి పిండే, ఇంకేమీ కలపలేదని రెండింటి మీదా రాసి ఉంది. అక్కడ నిలబడ్డ కుర్రాడు నా మొహం చూసి, “ఇది హై ఫైబర్ సార్, అది నార్మల్” అని సాయం చేయబోయాడు.

3.6 అన్న అంకె నాకు ఎక్కడో తగిలినట్టనిపించింది. మా ల్యాబ్‌లో ఎప్పుడో కొన్న పాత పుస్తకం ఉంది. భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల మీద తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పట్టికలు. అందులో రాగులకు ముడి పీచు 3.6. అదే సంస్థ 2017లో కొత్త పట్టికలు వేసింది. అందులో రాగులకు మొత్తం పీచు 11.18. అంటే రెండు కంపెనీలూ అబద్ధం చెప్పలేదు. ఒకరు తాతల నాటి పట్టికలోంచి ఎత్తి రాసినట్టున్నారు, ఇంకొకరు కొత్త దానిలోంచి. తేడా అల్లా, రెండు అంకెల మధ్య నూట ఇరవై ఏళ్ల కొలత చరిత్ర దాగి ఉంది.

ముడి పీచు పద్ధతి 1860లలో జర్మనీలో పుట్టింది. గోటింగెన్ దగ్గర వేండే అనే ఊళ్లో పశువుల మేత మీద పరిశోధన చేసే కేంద్రం ఉండేది. హెన్నెబర్గ్, స్టోమాన్ అనే ఇద్దరు అక్కడ దీన్ని రూపొందించారు. మేతను పలచటి గంధకామ్లంలో అరగంట మరిగించాలి. వడగట్టి, పలచటి కాస్టిక్ సోడాలో ఇంకో అరగంట. మిగిలినదాన్ని ఆరబెట్టి తూచి, కాల్చి, బూడిద బరువు తీసేయాలి. కాలిపోయిన భాగం ముడి పీచు. ఆవు ఏం అరిగించుకోలేదో స్థూలంగా తెలుసుకోవడానికి ఆ రోజుల్లో అది గొప్ప పనే. చిక్కేమిటంటే ఆ యాసిడ్, ఆ సోడా పిండిపదార్థంతో ఊరుకోవు. నీళ్లలో కరిగే పీచు మొత్తం పోతుంది. పీచులోనే ఇంకో రకమైన హెమీసెల్యులోజ్ చాలావరకు పోతుంది. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌లోనూ పెద్ద వాటా పోతుంది. పోయినదంతా లెక్కలో పీచు కాకుండా పోయింది.

కొత్త పద్ధతి మన కడుపును అనుకరిస్తుంది. అమెరికాలో ఏఓఏసీ అనే సంస్థ 1985లో ప్రమాణంగా తీసుకున్నది, తర్వాత 1991లో కొంచెం సవరించింది. వేడికి తట్టుకునే అమైలేజ్ ఎంజైమ్ వేసి పిండిని ఉడికిస్తారు. ప్రొటీన్‌ను తుంచే ఎంజైమ్, మిగిలిన పిండిపదార్థాన్ని గ్లూకోజ్ చేసే ఎంజైమ్ ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు. ఆపైన నాలుగింతలు ఆల్కహాల్ పోస్తే నీళ్లలో కరిగి ఉన్న పీచు కూడా తెట్టెలా కట్టి కిందికి దిగుతుంది. వడగట్టి, ఆరబెట్టి తూస్తారు. అందులో ఇంకా అంటుకుని ఉన్న ప్రొటీన్ ఎంతో, బూడిద ఎంతో విడిగా చూసి తీసేస్తారు.

ఇక్కడ నన్ను నిజంగా కూర్చోబెట్టింది వేరే సంగతి. పద్ధతి ఏదైతేనేం, అన్నిటినీ ఒకే పద్ధతిలో కొలిస్తే పోల్చుకోవడానికి పనికొస్తుంది కదా అని నేను కూడా అనుకున్నాను. తప్పు తక్కెడైనా రెండు బస్తాల్లో ఏది బరువో చెబుతుంది కదా! పాత పుస్తకంలో రాగులు 3.6, జొన్నలు 1.6. రెండింతల పైమాటే. డైటీషియన్ అమ్మాయి చెప్పిన “డబుల్” ఇక్కడిదే. కొత్త పట్టికలో రాగులు 11.18, జొన్నలు 10.22. డబుల్ కాస్తా దాదాపు సమానమైపోయింది. సజ్జలైతే పాత దాంట్లో 1.2తో ఈ మూడింటిలో వెనక ఉండి, కొత్త దాంట్లో 11.49తో ముందుకొచ్చాయి. దంపుడు కాని మామూలు తెల్ల బియ్యం 0.2 నుంచి 2.81కి. పాత తక్కెడ అన్నిటినీ ఒకే మోతాదులో తగ్గించలేదు. రాగుల్లో మూడో వంతు మిగిల్చింది, జొన్నల్లో ఆరో వంతు, సజ్జల్లో దాదాపు పదో వంతు. అంటే ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న వరస కూడా కొలత పద్ధతే పెట్టింది. ఆ వరస పట్టుకుని మా అమ్మ నోటి దగ్గర జొన్న రొట్టె తీసేశారు.

చట్టం దాకా వెళితే ఇంకా తమాషా. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం వంద గ్రాముల్లో ఆరు గ్రాముల పీచుంటే “హై ఫైబర్” అని రాసుకోవచ్చు, మూడుంటే పీచు ఉందని చెప్పుకోవచ్చు. అదే రాగి పిండి ఒక పుస్తకం ప్రకారం “హై ఫైబర్” అని రాసుకోడానికి పనికిరాదు, ఇంకో పుస్తకం ప్రకారం రెండు మెట్లకూ పైనే ఉంది.

మా బావమరిది షాద్‌నగర్ అవతల నాలుగు బర్రెల్ని పెట్టుకున్నాడు. ఆ ఆదివారం వెళ్లినప్పుడు దాణా బస్తా చూశాను. “క్రూడ్ ఫైబర్, గరిష్ఠంగా ఇంత శాతం” అని పెద్ద అక్షరాల్లో ఉంది, అంటే ముడి పీచు. బర్రె తినే బస్తా మీద ఏ రకం పీచు కొలిచారో పేరు పెట్టి రాస్తున్నారు. మా అమ్మ తినే ప్యాకెట్ మీద మాత్రం ఉత్త “ఫైబర్”.

బూడిద లెక్క

మా వృత్తి వైపు చూస్తే నేను పెద్ద గురివిందనేమీ కాదు, నలుపు ఎక్కడుందో తెలుసు. గ్లాస్ ఫైబర్ ముక్క వస్తే తూచి క్రూసిబుల్ అనే చిన్న మూసలో పెడతాం, మఫిల్ ఫర్నేస్ అనే కొలిమిలో 565 డిగ్రీల దగ్గర కాలుస్తాం. రెసిన్ కాలిపోతుంది, గాజు మిగులుతుంది. తేమ తగలని డెసికేటర్‌లో చల్లార్చి మళ్లీ తూస్తాం. అయిదు గ్రాముల ముక్కలో మూడు మిగిలితే ఫైబర్ అరవై శాతం. తిండి కొలిచేవాళ్లు బూడిదను తీసిపారేస్తారు. మాకు బూడిదే ఫైబరు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఒక ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు రేసింగ్ కారు కోసం చేసుకున్న నల్లటి ప్లేటు తెచ్చారు. ఫైబర్ కంటెంట్ కావాలన్నారు. నేను మామూలుగానే ఫర్నేస్‌లో పెట్టి, రాత్రంతా వదిలేసి ఇంటికి పోయాను. పొద్దున చూస్తే క్రూసిబుల్ అడుగున చిటికెడు బూడిద. అది కార్బన్ ఫైబర్. గాలి తగులుతుంటే ఆ వేడికి రెసిన్‌తో పాటు తనూ కాలిపోతుంది. దానికి నైట్రిక్ యాసిడ్‌లో ఉడికించి రెసిన్‌ను మాత్రమే కరిగించే వేరే పద్ధతి ఉంది. మా సార్ క్రూసిబుల్‌లోకి చూసి, “ఏం బాబూ, ఫైబర్ సున్నా అని రాసిద్దామా?” అన్నారు. ఆ కుర్రాళ్లకు ఇంకో ప్లేటు చేయడానికి నా జీతంలోంచి కొంత ఇచ్చాను. జర్మనీ వాళ్ల సోడా జొన్నలకు చేసింది, నా ఫర్నేస్ ఆ ప్లేటుకు చేసిందీ ఒకటే పని. కొలవాల్సినదాన్నే కొలత మింగేసింది.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది, డబ్బు ఉండేది అక్కడే. కొన్నేళ్ల కిందట ఒక సప్లయర్ ట్యాంకు ప్యానెళ్లకు 42 శాతం గ్లాస్ అని రిపోర్టు పెట్టాడు. కొనేవాళ్లకు అనుమానం వచ్చి ముక్క మాకు పంపారు. కాల్చాను. నాకూ 42 వచ్చింది. సంతకం పెట్టేసేవాణ్నే. కానీ మిగిలిన పోగులు మరీ తెల్లగా, పిండి చల్లినట్టుగా ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపితే సుద్ద. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే సోడా కాయ కొట్టినట్టు బుసబుసా పొంగింది. కడిగి ఆరబెట్టి తూస్తే 29. మిగతా 13 శాతం ఖర్చు తగ్గించుకోడానికి రెసిన్‌లో కలిపిన కాల్షియం కార్బొనేట్. ఆ వేడికి అది కాలదు, గాజు పక్కనే కూర్చుని గాజులా తూగుతుంది. సప్లయర్ రిపోర్టులో ఒక్క అంకె కూడా దొంగది కాదు. “కాల్చగా మిగిలింది” అని రాయాల్సిన చోట “ఫైబర్” అని రాశాడంతే.

ఇంకో మెలిక, బరువు శాతమా, ఘనపరిమాణం శాతమా అన్నది. గాజు సాంద్రత రెసిన్ కంటే రెండింతలకు పైనే. బరువులో 70 శాతం గాజున్న ముక్కలో చోటు లెక్కన గాజుకు దక్కేది దాదాపు 52 శాతం. అదే బరువు లెక్కలో కార్బన్ అయితే 61. ఎంత బరువు మోస్తుందో నిర్ణయించేది చోటు లెక్క. బ్రోషర్లలో ఎక్కువగా కనబడేది బరువు లెక్క, పెద్ద అంకె కాబట్టి.

ఈ పనిలో ఉన్న పెద్దవాళ్లు కలాం గారి కాలిపర్ల కథ చెప్పకుండా ఉండరు. హైదరాబాద్‌లో క్షిపణుల మీద పనిచేసే రోజుల్లో నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు ఆయన దగ్గరికి వచ్చి, అక్కడి తేలిక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, తన వార్డుకు తీసుకెళ్లారట. పోలియో పిల్లలు మూడు కిలోలకు పైబడ్డ ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొన్ని వారాల్లో మూడు వందల గ్రాములవి తయారయ్యాయి. ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒక్కటే తోస్తుంది. అలాంటి కాలిపర్‌లో ఫైబర్ శాతం తప్పుగా రాస్తే విరిగేది పిల్లాడి కాలి కింద.

బతికున్నదాన్ని కాల్చలేం

ఇక అమ్మ లివర్. ఇంటి దగ్గర్లోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు తీసుకెళ్లాను. పొద్దున్నే బయల్దేరాం కాబట్టి నాలుగు ఇడ్లీలు, టీ పెట్టి మరీ తీసుకెళ్లాం. అక్కడెవరూ ఏమైనా తిన్నారా అని అడగలేదు. కుడి చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోమన్నారు. పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించి టక్ టక్‌మని పదిసార్లు తట్టించారు. పది నిమిషాల్లో రిపోర్టు. 9.1 కిలోపాస్కల్స్, లివర్ గట్టిదనానికి వేసే అంకె.

రిపోర్టు వెనకే రంగుల పట్టీ ఉంటుంది కదా, ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా. 9.1 నారింజ రంగులో పడింది. నిజామాబాద్ నుంచి చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. పక్కింటావిడ ఏదో ఆకు పసరు చెప్పింది. అమ్మ మాత్రం రెండు పూటలు అన్నం సరిగా తినలేదు, పీచు తినాలా వద్దా అన్నది తేలక.

వారం తర్వాత డాక్టరు గారు చూసి మొదట అడిగిన మాట, “పరగడుపున చేయించారా?” తర్వాత రిపోర్టు మూల చిన్న అక్షరాల మీద వేలు పెట్టారు. ఐక్యూఆర్ 36 శాతం. అంటే పదిసార్లు తీసిన కొలతలు ఒకదానికొకటి పొంతన లేకుండా చెదిరిపోయాయి. 30 దాటితే నమ్మకూడదట. మూడు గంటలు ఏమీ తినకుండా మళ్లీ చేయించమన్నారు. రెండోసారి వేరే చోట, ఖాళీ కడుపున. 6.8. ఐక్యూఆర్ 14. ఫ్యాటీ లివర్‌లో 8 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం చాలా తక్కువని చెప్పారు.

పన్నెండు రోజుల్లో అమ్మ లివర్‌లో పోగులు కరిగిపోలేదు. ఆ యంత్రం అసలు పోగులను కొలవదు. పక్కటెముకల మీద తట్టి లోపల ఒక అల పుట్టిస్తుంది. ఆ అల లివర్‌లో ఎంత వేగంగా పాకిందో అల్ట్రాసౌండ్‌తో చూస్తుంది. గట్టిగా ఉంటే అల వేగంగా పోతుంది. సెకనుకు ఒక మీటరు పోతే 3 కిలోపాస్కల్స్, రెండు మీటర్లు పోతే 12. వేగం రెండింతలైతే అంకె నాలుగింతలు. లివర్ గట్టిపడటానికి పీచు ఒక కారణం. వాపు ఉన్నా గట్టిపడుతుంది, పైత్యరసం దారి మూసుకున్నా, గుండె వల్ల రక్తం నిలిచినా గట్టిపడుతుంది. తిన్న తర్వాత పేగుల నుంచి లివర్‌కు రక్తం ఎక్కువగా వస్తుంది, అప్పుడూ అంతే. మొదటి రిపోర్టులో ఇడ్లీ వాటా ఎంతో, చేసినవాళ్ల చేతి తేడా వాటా ఎంతో నాకు తెలీదు. ఏదైనా మా ట్యాంకు ప్యానెల్లో సుద్ద లాంటిదే. గాజు పక్కన కూర్చుని గాజులా తూగింది.

మరి నిజంగా పీచునే కొలవాలంటే? ఉంది దారి. లివర్‌లో పేరుకునే పోగు కొలాజెన్. మూడు దారాలు పేనిన తాడులా ఉంటుందని 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చిన నిర్మాణం అదే. దానిలో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం బరువులో ఏడెనిమిదో వంతు ఉంటుంది, వేరే ప్రొటీన్లలో పెద్దగా ఉండదు. కాబట్టి కండ ముక్కను గాఢమైన యాసిడ్‌లో రాత్రంతా మరిగించి, హైడ్రాక్సీప్రోలిన్ ఎంతో చూసి, ఏడున్నరతో హెచ్చిస్తే కొలాజెన్ వస్తుంది. చదువుతుంటే మా ల్యాబ్‌లో ఉన్నట్టే అనిపించింది. కానీ ముక్క మిగలదు. అమ్మ లివర్‌ను క్రూసిబుల్‌లో పెట్టలేం కదా.

బయాప్సీ చేస్తారు. సూదితో తీసే ఆ సన్నటి ముక్క లివర్‌లో దాదాపు యాభై వేలో వంతు. అక్కడ పీచు లేకపోయినా పక్కన ఉండొచ్చు. మైక్రోస్కోప్‌లో చూసి ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా మెట్లు చెబుతారు. ఎఫ్4 అంటే ఎఫ్1కి నాలుగింతల పీచు అని కాదు, పీచు ఎక్కడెక్కడ గోడలు కట్టిందన్న వర్ణన. ఆ లెక్కన అది కొలత కంటే సాక్ష్యానికి దగ్గర.

అయినా మూడింటిలో నాకు ఎక్కువ గౌరవం కలిగింది ఈ స్కాన్ మీదే. దాన్ని కనిపెట్టినవాళ్లు అంకె పక్కనే దాని మీద అనుమానాన్ని కూడా అచ్చు వేశారు. 36 శాతం అని అక్కడే ఉంది. చూడనిది మేం. పిండి ప్యాకెట్ మీద అలాంటిది లేనే లేదు. నేనిచ్చే రిపోర్టుల్లో పద్ధతి నంబరు వేస్తాను కానీ సుద్ద లాంటి ఫిల్లర్ కడిగామా లేదా అన్నది నిన్నమొన్నటి దాకా వేసేవాణ్ని కాదు.

ఎవరికి కావాలి ఈ గోల?

ఇదంతా చెబితే మా ఆవిడ శాంతంగా విని, “ప్యాకెట్ మీద ఉప్పెంతో కూడా ఎవరూ చూడరు. మీరు ఎంజైమ్ పేరు రాయమంటున్నారు” అంది. నిజమే. మా ల్యాబ్‌కు వచ్చే ఫుడ్ టెక్నాలజీ మిత్రుడు ఇంకోలా కొట్టాడు. “జనానికి నువ్వు చెప్పేది ఎక్కితే మిగిలేది ఒక్కటే, అంకెలన్నీ అబద్ధం అని. మా మామ అలాగే షుగర్ టెస్టులు మానేశాడు.” దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. అనుమానం నేర్పడం తేలిక, ఎంత అనుమానించాలో నేర్పడం కష్టం. అందుకే ఈ వ్యాసం రెండుసార్లు రాసి పక్కన పెట్టాను.

అతనిదే ఇంకో మాట ఇంకా బరువైంది. పీచులన్నిటికీ ఒకే అంకె ఇవ్వడమే అసలు తప్పు, పద్ధతి రాసినా ఆ తప్పు పోదు అన్నాడు. ఇసబ్గోల్ నీళ్లలో జిగురై పేగులో పనిచేసే తీరు వేరు, గోధుమ తవుడు వేరు. బిస్కెట్లలో చికోరీ వేరు నుంచి తీసిన ఇనులిన్ కలిపి పీచు పెంచుతున్నారు. పాత ఎంజైమ్ పద్ధతిలో దాని చిన్న గొలుసులు ఆల్కహాల్‌లో కరిగిపోయి లెక్కకు రావు. 2009లో వచ్చిన పద్ధతిలో వస్తాయి. అన్నం చల్లారినప్పుడు కొంత పిండిపదార్థం అరగని రూపంలోకి మారుతుంది. మా అమ్మ సద్దన్నంలో ఉండేది అదే. మరిగించి కొలిచే పద్ధతికి అందులో కొంతే దొరుకుతుంది. ఒంటి వేడి దగ్గర, 37 డిగ్రీల్లో పదహారు గంటలు ఉంచే కొత్త పద్ధతికి ఎక్కువ దొరుకుతుంది. పది చక్కెర ముక్కల కంటే పొట్టి గొలుసులను పీచు అనాలా వద్దా అన్నది 2009లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ తేల్చలేక ఏ దేశం వాళ్లు ఆ దేశమే నిర్ణయించుకోమంది. అంటే ఏది పీచు అన్నది కొంతవరకు ఓటింగు వ్యవహారం.

ఒప్పుకుంటాను. కానీ ఇదంతా నా వాదనకే బలం అనిపిస్తుంది. ఇన్ని అర్థాలున్న మాటకు ఒక్క అంకె వేసేటప్పుడు ఏ అర్థంలో వేశారో చెప్పడం కనీస మర్యాద.

నన్ను ఆపిన అభ్యంతరం ఒకటే. మా కాలనీలో మహిళా సంఘం వాళ్లు పిండి పట్టించి ప్యాకెట్లు కట్టి అమ్ముతారు. ప్రతి బస్తాకూ ఎంజైమ్ టెస్టు చేయించమంటే వాళ్లు దుకాణం మూసుకోవాల్సిందే. పెద్ద కంపెనీలకేం, చేయించుకుని అదే గొప్పగా అచ్చు వేసుకుంటాయి. అందుకని నేను టెస్టు చేయించమనడం లేదు. పట్టికలోంచి రాసుకుంటే తప్పేం లేదు. ఏ పట్టికలోంచి అన్నది రాయండి చాలు. “ముడి పీచు” అనో, “మొత్తం పీచు” అనో ఒక్క మాట. బర్రె బస్తా మీద చోటు సరిపోయినప్పుడు దీని మీద సరిపోదా?

ఆ రెండు రాగి పిండి కంపెనీలకూ మెయిల్ పెట్టాను, ఏ పద్ధతి అని. ఒకరి నుంచి జవాబు లేదు. రెండోవాళ్లు తమ ఉత్పత్తి మీద ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు తెలిపి, పది శాతం తగ్గింపు కూపన్ పంపారు.

రెండో స్కాన్ రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చినప్పుడు అమ్మతో, “6.8 వచ్చిందమ్మా, భయం లేదు” అన్నాను.

“ఎంతల ఎంత? పదిల ఆరా, వందల ఆరా?”

నోట మాట రాలేదు. నా వృత్తిలో మొదట అడగాల్సిన ప్రశ్న అది. దేనిలో ఎంత? బరువులోనా, చోటులోనా? ఎండు పిండిలోనా, నీళ్లు కలిపి కాల్చిన రొట్టెలోనా? ఆ స్కాన్ అంకెకు మాత్రం “ఎంతల” అన్నది లేదు. యంత్రం 75 దాకా చూపిస్తుంది, కానీ 75 నిండు కుండ కాదు. అల ఎంత వేగంగా పోయిందో చెబుతుంది, అంతే. అలా చెప్పబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, “రొట్టె తినొచ్చునా లేదా, గది జెప్పు” అంది.

చార్టు మీద రాగి రొట్టె కొట్టేసి జొన్న రొట్టె అని రాశాను. డాక్టరు గారికి కూడా చూపించాను, నవ్వి సరేనన్నారు. ఆదివారం జొన్నలు పట్టించుకొచ్చి డబ్బాలో పోసి, మా ల్యాబ్‌లో శాంపిళ్లకు అంటించినట్టే దాని మీద ఒక లేబుల్ అంటించాను. జొన్న పిండి, మొత్తం పీచు 10.2, ఎంజైమ్ పద్ధతి, 2017 పట్టిక. అమ్మకు చదువు రాదు. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏం రాసినవ్‌రా దీనిమీద?”

“జొన్నపిండి అని రాసిన.”

“గది నాకెర్క లేదా?” అని మూత తీసి, గుప్పెడు పిండి పళ్లెంలో పోసుకుని, నీళ్లు కాగబెట్టమంది.